లేత నీలం

ఇప్పటికీ ఆఫీసులో తెర మీద లేత నీలం కనబడితే నా చెయ్యి ఆగిపోతుంది.

అంతరిక్ష పరిశోధన కేంద్రంలో, ఉపగ్రహాలు తీసిన ఫోటోలు చూసి ఏ ఊళ్లో పైరు ఎట్లుందో రాయడం నా పని. ఆ రోజు మదనపల్లెలో కుప్పం బస్సెక్కి ల్యాప్‌టాప్ తెరిచాను. పక్కన ఒక పెద్దావిడ, ఒళ్లో చుట్టిన పలుపుతో కూర్చునుంది. సంతలో ఆవును అమ్మేసి వస్తోందని అర్థమైంది. మా వైపు ఆవును అమ్మినా పలుపు ఇవ్వరు. మళ్లీ ఇంకో ఆవును కట్టుకోవాలని ఇంటికి తెచ్చుకుంటారు.

"ఇది యా ఊరప్పా?" అని తెరలోకి వంగింది.

"చౌడేపల్లె అమ్మా. ఆకాశం నుంచి తీసింది."

లేత నీలంగా ఉన్న చోట వేలు పెట్టింది. "మా చేను ఈడనే. ఇన్ని నీళ్లుండాయా! బోరు ఎండిపాయె, మేత లేదని ఆవును అమ్మేస్తినే!"

అవునని ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేకపోయాను.

"నీళ్లు కాదమ్మా. ఈ ఫోటోలో పైరు ఎర్రగా, నీళ్లు నల్లగా కనిపిస్తాయి. నీలంగా ఉండేది ఎండిన నేల."

ఆమె నలుపు కోసం తెరంతా వెతికింది. ఎక్కడా లేదు.

"ఇదంతా సూసి మీరేం సేస్తారప్పా?"

"రాసి పంపుతామమ్మా."

"పంపినాక?"

నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

పుంగనూరులో ఆమె దిగిపోయింది. చూస్తే పలుపు సీటు మీదే ఉంది. కిటికీలోంచి చెయ్యి చాపి, "అమ్మా, పలుపు మరిచిపోయినావు!" అని అరిచాను.

"మరిసిపోలేదులే అప్పా" అని, వెనక్కి తిరగకుండానే చౌడేపల్లె ఆటోల వైపు నడిచిపోయింది.