గేటు ఎత్తానని రాసిన మస్తాన్

ఒక జూన్ నెల మొదటి సోమవారం, పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉందనగా, నేను కాలుష్య నియంత్రణ శాఖలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరు హోదాలో ఒక ప్రాంతీయ కార్యాలయంలో చేరాను. నా కింద ఇద్దరు అసిస్టెంట్ ఇంజినీర్లు, ఒక అనలిస్టు, ఒక జీపు. ఒంగోలు సముద్రపు గాలి తగిలే పల్లెల నుంచి అద్దంకి అవతల మిరప, పత్తి చేల దాకా మా పరిధి. మా శాఖ పని ఫ్యాక్టరీల పొగగొట్టాలు చూడటమేనని చాలామంది అనుకుంటారు. ఊరి మురుగును వాగులో వదిలే మునిసిపాలిటీ కూడా మా అనుమతి పత్రం తీసుకోవాలనీ, అందులోని షరతులు తప్పితే దానికీ మేం నోటీసు ఇస్తామనీ కమిషనర్లకే ఒక్కోసారి గుర్తుండేది కాదు. గుర్తు చేయడం నాకు ఇష్టమైన పని. వెనకాల నన్ను నోటీసుల మేడమ్ అనేవారు. ఆ సంగతి నాకు తెలుసు, లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఈ కథ జరిగిన చిన్న ఊరి పేరు రాయను. ఆ ఊరికి ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. ఊరి మురుగంతా భూగర్భ గొట్టాల గుండా వచ్చి ముందు ఒక లోతైన బావిలో పడుతుంది. అక్కడ ఇనుప చువ్వల జల్లెడ చెత్తను ఆపుతుంది. పంపులు ఆ నీటిని పైకి తోడి గాలి ఊదే తొట్లలోకి పంపుతాయి. తొట్లలోని సూక్ష్మజీవులు మురుగును తినేస్తాయి. చివరికి మిగిలిన నీళ్లు వాగులో కలుస్తాయి. బావి పక్కనే చక్రం తిప్పితే లేచే గేటు ఒకటి ఉంటుంది. దాన్ని బైపాస్ గేటు అంటారు. అది ఎత్తితే మురుగు ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి పోతుంది. అనుమతి పత్రం ప్రకారం అది ఎత్తకూడదు.

కాగితం మీద ఇంతే. కానీ ఆ ఊళ్లో మాఘం దాటితే ఇంటింటా మిరపకాయల తొడిమలు తీస్తారు. శీతల గిడ్డంగుల ముందు షెడ్లలో ఆడవాళ్లు వరసగా కూర్చుని అదే పని చేస్తారు. ఆ తొడిమలు ఊడ్చి కాలవలోకి తోస్తారు. జిన్నింగు మిల్లుల దూది నూగు కూడా వాటితో చేరుతుంది. తొడిమకు దూది చుట్టుకుంటే జల్లెడ చువ్వల మధ్య చాప అల్లినట్టు పట్టేస్తుంది. దానికి తోడు కరెంటు పోతే, జనరేటరు మూలనపడి ఉంటే, పైన ఒక వాన కురిస్తే బావి నిండుతుంది. నిండిన బావి వెనక్కి తన్ని పల్లపు వీధుల మరుగుదొడ్లలోంచి పైకి వస్తుంది. అప్పుడు ఆపరేటరుకు రెండే దారులు. ఆ ఇళ్లను ముంచడం, లేదా గేటు ఎత్తడం.

నేను మొదటిసారి తనిఖీకి వెళ్లింది మార్చి నెలలో. ఆపరేటరు మస్తాన్‌వలి యాభై దాటిన మనిషి. మునిసిపాలిటీ ఉద్యోగి కాదు, కాంట్రాక్టు ఏజెన్సీ తరఫున పనిచేసేవాడు. గాలి ఊదే బ్లోయర్లు, పంపులు చూశాక లాగ్‌బుక్ అడిగాను. లాగ్‌బుక్ అంటే పంపులు ఎన్ని గంటలు ఆడాయి, ఏం ఆగింది, ఏం జరిగింది అని పూటపూటకూ రాసే పుస్తకం. నా అనుభవంలో లాగ్‌బుక్కులు చాలావరకు కాకమ్మ కథలే. ఒకే కలం, ఒకే కూర్చోవడంలో నెలంతా నింపేసి ఉంటారు. ఎక్కడ చూసినా 'నిల్' అనే మాటే. మస్తాన్ పుస్తకం అలా లేదు. రకరకాల కలాలు, తడిసి ఎండిన పేజీలు, అంచుల్లో మిరప ఎరుపు అంటిన వేలి గుర్తులు. 'మధ్యాహ్నం రెండుంబావుకు కరెంటు పోయింది. జల్లెడ పూడింది. గేటు నాలుగు చుట్లు ఎత్తాను. ఐదింటికి దించాను.' ఇలా ఆ సీజనంతా, ఎత్తిన ప్రతిసారీ రాసి ఉంది.

ఎవరు రాయమన్నారని అడిగాను. "పుస్తకం ఇచ్చింది రాయడానికే గదండీ మేడమ్ గారూ" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

నాకు పండగలా ఉంది. బైపాస్ రుజువు చేయాలంటే గేటు ఎత్తి ఉన్న క్షణంలో అక్కడ ఉండి, సీసాలో నీళ్లు పట్టి, మంచుపెట్టెలో ల్యాబుకు చేర్చాలి. మేం వచ్చేసరికి గేటు ఎప్పుడూ దిగే ఉంటుంది. అలాంటిది ఇక్కడ సొంత చేతిరాతతో ఒప్పుకోలు దొరికింది. పేజీలన్నీ జిరాక్స్ తీయించాను. ఆఫీసులో కూర్చుని నోటీసుకు అనుబంధం తయారుచేశాను. మా నమూనాలో నాలుగు కాలమ్‌లు ఉంటాయి: తేదీ, ఎత్తిన సమయం, దించిన సమయం, ఎన్ని చుట్లు. మస్తాన్ పుస్తకంలో ఐదోది ఒకటి ఉంది, రిమార్కులు. మా నమూనాలో దానికి చోటు లేదు కాబట్టి వదిలేశాను. చదివానో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను. కళ్లు దాని మీదుగా వెళ్లే ఉంటాయి.

నోటీసు మీద జరిగిన విచారణకు మునిసిపల్ కమిషనరు జవాబు తెచ్చాడు. రెండో జనరేటరు పెడతామనీ, జల్లెడను యంత్రంతో శుభ్రపడేలా మారుస్తామనీ రాశాడు. చివరి పేరాలో, ఉన్నతాధికారుల అనుమతి లేకుండా గేటు ఎత్తిన ఆపరేటరును తొలగించామని రాశాడు. దొరికినవాడే దొంగ అన్న సామెత అప్పుడు నా నాలుక చివర దాకా వచ్చింది. అయినా, ఒక కాంట్రాక్టు మనిషిని పెట్టుకోవడం, తీసెయ్యడం మా శాఖ పరిధిలోని విషయం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఫైలు మీద 'చర్య తీసుకున్నారు, జవాబు సంతృప్తికరం' అని రాసి సంతకం చేశాను.

తర్వాత ఏడాది పాటు ఆ ఊరు మాకు మంచి ఊరు. కొత్త ఆపరేటరు చేతిరాత ముత్యాలకోవ. బైపాస్ కాలమ్ నిండా 'నిల్'. మేం పట్టిన నీటి నమూనాలన్నీ పరిమితిలోపే వచ్చాయి. పైఅధికారుల సమీక్షలో ఆ ఫైలును మెచ్చుకున్నారు. నా అనుబంధం నమూనా మిగతా ఊళ్లకూ పంపారు. కొద్ది నెలల్లో మా పరిధిలోని లాగ్‌బుక్కుల్లో అక్కడక్కడా కనిపించే బైపాస్ రాతలు కూడా లేకుండా పోయాయి. నేను సంతోషించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది.

మరుసటి ఏప్రిల్‌లో అకాల వానలు పడ్డాయి. వాగుకు దిగువన మిరప కోతలకు వెళ్లే కూలీల కాలనీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని జిల్లా వైద్యశాఖ నుంచి కబురు వచ్చింది. నీళ్లు పరీక్షించమన్నారు. అనలిస్టును తీసుకుని నేనే వెళ్లాను. అక్కడి బోరు నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పన. తాగడానికి వాగు ఇసుకలో గుంట తీసి, ఊరిన నీళ్లు తోడుకుంటారు. ఆ గుంటలను చెలమలు అంటారు. చెలమ ఒడ్డున మిరప తొడిమలు, దూది పోగులు ఆరి అంటుకుని ఉన్నాయి. నమూనా పట్టకముందే నాకు అర్థమైంది. ల్యాబు ఫలితం మూడో రోజు అదే చెప్పింది.

ఆ కాలనీలో మరియమ్మ అనే ఆవిడ ఉంది. అరవైకి దగ్గర వయసు. ఆమె భర్త దానియేలు ముందురోజు ఉదయం ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటోలోనే చనిపోయాడు. ఇంటి ముందు టార్పాలిన్ కింద జనం కూర్చుని ఉన్నారు. నేను ఫలానా శాఖ నుంచి వచ్చానని చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. నా మొహంలోకి చూసి అడిగింది.

"ఆ మస్తాన్ ఏమైపోయాడమ్మా? గేటు ఎత్తే ముందల నాకు ఫోన్ చేసేవోడు. 'మరియమ్మ గారూ, నీళ్లు వొదులుతున్నా, రెండు రోజులు చెలమ తోడమాకండి, అందరికీ చెప్పండి' అనేవోడు. నేను ఇంటింటికీ తిరిగి చెప్పేదాన్ని. పోయినేడాది నించి ఫోను రాలా. ఫోను రాలేదు గదా, నీళ్లు బాగున్నయ్యనుకున్నాం."

 

అక్కణ్ణుంచి నేరుగా శుద్ధి కేంద్రానికి వెళ్లాం. గేటు చక్రం మరల మీద గ్రీజు తాజాగా ఉంది, ఈమధ్యే తిప్పారు. కొత్త ఆపరేటరు మొదట గేటు ఎత్తనేలేదన్నాడు. దానియేలు సంగతి చెప్పాను. తల దించుకున్నాడు. "రాయొద్దన్నారండి. రాసినాయన ఉద్యోగం పోయిందంట గదండీ. ఫోన్ చేసి చెప్పినా రాసినట్టే గదండీ" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

ఆఫీసుకు వచ్చి పాత ఫైలు తీయించాను. జిరాక్సు పేజీల్లో ఐదో కాలమ్ అప్పుడు చదివాను. 'మరియమ్మకు చెప్పాను.' 'మరియమ్మ ఫోన్ ఎత్తలేదు, మళ్లీ చేసి చెప్పాను.' ఒకచోట, 'ఫోన్ కలవలేదు. గేటు ఎత్తి, సైకిల్ మీద పోయి చెప్పి వచ్చాను.' ఎత్తిన ప్రతిసారికీ పక్కన ఒక మాట. చట్టంలో లేని, ఎవరూ అడగని ఒక జాగ్రత్తను ఆ మనిషి ఒక్కడే నడిపాడు. దానికి రుజువు నా ఫైల్లోనే ఏడాదిగా పడి ఉంది. నేను ఆ గది తలుపు వేసుకుని ఏడ్చాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆఫీసులో ఏడ్చింది ఆ ఒక్కసారే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చేయవలసినవన్నీ చేశాను. మునిసిపాలిటీకి మళ్లీ నోటీసు ఇచ్చాను. జవాబులో రాసిన రెండో జనరేటరు నిజంగా బిగించేదాకా వదల్లేదు. పై కార్యాలయానికి రాసిన నివేదికలో రిమార్కుల కాలమ్‌ను వదిలేసింది నేనేనని స్పష్టంగా రాశాను. దానిమీద ఎవరూ ఏమీ అనలేదు. నివేదిక ముట్టినట్టు ఒక రసీదు మాత్రం వచ్చింది. కాలనీకి మంచినీళ్ల ట్యాంకరు పంపమని కలెక్టరేటుకు రాస్తే, ఆ వేసవి వరకు వచ్చి ఆగిపోయింది.

మస్తాన్ ఒక శీతల గిడ్డంగిలో మిరప టిక్కీలు, అంటే బస్తాలు, మోస్తున్నాడని తెలిసి అక్కడికి వెళ్లాను. ఘాటుకు తువ్వాలు ముక్కుకు కట్టుకుని బయటికి వచ్చాడు. జరిగింది చెప్పాను. దానియేలు పోయాడనగానే అక్కడే బస్తాల మీద కూర్చుండిపోయాడు. ఆయన తనకు వాగులో చేపలు పట్టి ఇచ్చేవాడని చెప్పాడు. తప్పు నాదని అన్నాను. కమిషనరుతో, ఏజెన్సీతో మాట్లాడి నెలలోపల అతన్ని పాత పనిలో పెట్టించాను. కృతజ్ఞతలు చెప్పాడు. అవి తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

పనిలో చేరిన రోజే అతనికి ఒక మాట ఇచ్చాను. జరిగింది జరిగినట్టు రాయి, నేనున్నంత కాలం దాన్ని నీ మీద వాడను అని. అతను గౌరవంగానే జవాబు చెప్పాడు. "మీరు రేపు బదిలీ అయిపోతారు గదండీ మేడమ్ గారూ. పుస్తకం ఇక్కడే ఉంటది."

ఉద్యోగంలో నా చివరి తనిఖీ ఆ ఊళ్లోనే పడింది. మళ్లీ మిరప సీజను, వారం ముందు పెద్ద వాన. లాగ్‌బుక్ తెరిచాను. అదే చేతిరాత. బైపాస్ కాలమ్ నిండా 'నిల్'. రిమార్కుల కాలమ్ ఖాళీ. తేదీలన్నీ ఒకే కలంతో రాసి ఉన్నాయి. వాగు గట్టున తొడిమలు మాత్రం కళ్లకు కనిపిస్తూనే ఉన్నాయి. ఈ వానకు ఎన్నిసార్లు ఎత్తావని మెల్లగా అడిగాను. మస్తాన్ బావి వైపు చూస్తూ, "మరియమ్మ గారికి తెలుసండి" అన్నాడు. నేను ఆ పేజీ కింద 'చూశాను' అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమని తెలిసి నేను పెట్టిన సంతకం అది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు, మీరు ఏం నేర్చుకున్నారని నన్ను అడుగుతుంటారు. నీటిలో మురుగు ఎంతో కొలిచే బీవోడీ పరీక్షలు, చట్టం సెక్షన్లు పుస్తకాల్లో ఉన్నాయి. నేను చెప్పగలిగింది ఒకటే. తనిఖీ చేసేవారికి మురుగు గురించి నిజం తెలిసేది సీసాలో పట్టిన నీళ్ల వల్ల కాదు. అక్కడ పగలంతా నిలబడే మనిషి చెప్పడం వల్ల తెలుస్తుంది. అతను రాసిన నిజాన్ని అతని మీదే రుజువుగా వాడితే కేసు గెలుస్తాం. ఆ తర్వాత ఆ పరిధిలో ఏ గేటు ఎప్పుడు లేచిందో మనకు తెలియదు. నాకు తెలియలేదు. అది తెలియకపోవడం వల్ల దానియేలు చనిపోయాడు. ఆయన మరణం ఏ అనుబంధంలోనూ లేదు కాబట్టి ఇక్కడ రాశాను.