ఎంగిలి ఫ్లాపీ

కాశిబుగ్గలో అనసూర్య పేరెత్తితే చాలు, "అబ్బో, ఆ కోపిష్టిదా!" అంటారు. అననీ. అనేవాళ్ళ నోటికి తాళం వేయగలమా? అనసూర్య వాళ్ళకూ మాకూ మధ్య ఒకటే గోడ. ఆ కోపం ఎక్కడ పుట్టిందో నా కళ్ళతో చూశాను కాబట్టి నేనే చెప్తాను.

ఆమె తండ్రి నర్సింగం మామ జంపఖానాలు నేసేవాడు. కాగితం మీద ఒక్క గీత గీసి ఎరుగడు. నమూనా అంతా తలలోనే ఉండేది, చేతుల్లోంచి మగ్గం మీదికి దిగేది. ఎనభై ఆరులో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. "ఇగ నా నేత నాతోనే పోతది బిడ్డా" అని ఆయన ఏడుస్తుంటే అనసూర్య కసిరింది.

"పోతదని ఎవలన్నరు? నువ్వు చెప్పు, నేను ఎక్కిస్త."

అప్పటికే ఆమె మట్టెవాడలో టైపు నేర్పుతోంది. హైదరాబాదులో ఏదో ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్ తీసేస్తుంటే కొనుక్కొచ్చి ఇంట్లో చిన్న గదిలో పెట్టింది. వాడకట్టంతా వచ్చి చూసిపోయింది. మా ఆయనైతే "దీంట్ల పాటలు రావా?" అని అడిగి ఆమెతో తిట్లు తిన్నాడు.

రోజూ పొద్దున మామ మంచం మీద కళ్ళు మూసుకొని చెప్పేవాడు. "నలుపు మూడు, ఎరుపు ఒకటి, మళ్ళ నలుపు... ఆగు ఆగు, ఎరుపు రెండు." ఆమె వరుస తరవాత వరుస కొట్టుకుంటూ పోయేది. చెరుకుగడ అంచు, నెమలికన్ను, పావురాల బారు, ఆయనకు తెలిసినవన్నీ ఎక్కాయి. కంప్యూటర్లో ఒకటి, ఫ్లాపీలో దాని నకలు ఒకటి. రెండేళ్ళకు, వానాకాలంలో, మామకు మళ్ళీ పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇక ఆయన నేత ఆ పెట్టెలోనూ ఆ నల్లటి పలుచని బిళ్ళలోనూ తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. దసరా పోగానే హైదరాబాదు వెళ్ళి కాగితాల మీద అచ్చు తీయించి కుర్ర నేతగాళ్ళకు పంచాలని అనసూర్య అనుకుంది.

కంప్యూటర్ అమ్మినాయన ముందే హెచ్చరించాడు. బయటి ఫ్లాపీలు పెట్టవద్దు, వాటిలో వైరస్ ఉంటుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకొని ఉన్నదంతా తినేస్తుంది అన్నాడు. ఫ్లాపీ అంచున ఒక గాటు ఉంటుంది. దాన్ని మూస్తే లోపలున్నది చెడదు, కొత్తది ఎక్కదు. మూయడానికి ఇచ్చిన అంటింపు కాగితాలు అయిపోతే అనసూర్య తన మెరూన్ రంగు బొట్టుబిళ్ళ ఒకటి తీసి నమూనాల ఫ్లాపీ గాటు మీద మడిచి అంటించింది.

సద్దుల బతుకమ్మకు ఆ ఇంటి పెద్దల్లుడు, అనసూర్య అక్క మొగుడు వెంకటరాజం కరీంనగర్ నుంచి వచ్చాడు. వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్లున్నాయని ఊరంతా వినేలా చెప్పుకునే మనిషి. అన్నం ముందు కూర్చొని జేబులోంచి ఫ్లాపీ తీశాడు.

"మరదలా, మస్తు ఆట తెచ్చిన. తిన్నంక పెట్టి చూపిస్త."

"ఏమనుకోకు బావా, బయటి ఫ్లాపీ దీంట్ల పెట్టద్దు."

"ఎందుకు? నాదానికేమైంది?"

"అది ఎన్ని మిషన్లల్ల నోరు పెట్టచ్చిందో! ఎంగిలిది."

అయిపోయింది! ఇంటల్లుడితో, అదీ విస్తరి ముందు, అనాల్సిన మాటేనా అది? కానీ అంతకంటే సరైన మాట ఇంకోటి ఉందా? వెంకటరాజం తినే విస్తరిలోనే చెయ్యి కడిగి లేచాడు.

అనసూర్య తల్లి మల్లవ్వత్త పరుగున వచ్చింది. "ఇంటల్లున్ని ఎంగిలోడంటవానె? నీ నోరు పాడుగాను!"

"ఆయన్నన్లేదే అవ్వా, ఫ్లాపీనన్న!"

"తెచ్చింది ఆయనే గదా!"

సాయంత్రం అనసూర్య గదికి తాళం వేసి, తాళంచెవి తల్లి చేతికిచ్చి, నాతో బతుకమ్మ ఆడటానికి వచ్చింది. మేము అటు వెళ్ళామో లేదో, అలిగి కూర్చున్న అల్లుణ్ణి మల్లవ్వత్త బతిమాలింది. "లే బిడ్డా. పండుగపూట అలుగుతరా? గా ఆటేందో ఆడుకో" అని గది తీసిచ్చింది.

ఆయన ఆడుకున్నాడు. ఆడుకొని ఊరుకున్నాడా? మరదలికి ఆ ఆట నకలు ఇచ్చి గొప్ప అనిపించుకోవాలని అక్కడున్న ఫ్లాపీ తీసి పెట్టాడు. ఎక్కలేదు. చూస్తే అంచున బొట్టుబిళ్ళ. పీకేశాడు.

మేము చీకటి పడుతుండగా తిరిగొచ్చాం. గది తలుపు తెరిచి ఉంది. కంప్యూటర్ అద్దం మూలన మెరూన్ బొట్టుబిళ్ళ కనిపించింది, మనం మొహం కడుక్కునేప్పుడు అద్దానికి అంటిస్తామే, అట్లా. అనసూర్య చేతిలోని తాంబాళం నాకిచ్చి కూర్చుంది. నమూనాల పేర్లు తెర మీద కనబడ్డాయి. ఒక్కోటి తెరిచింది. లోపల పిచ్చిగీతలు, అర్థంలేని అక్షరాలు. ఫ్లాపీ పెట్టి చూసింది. అందులోనూ అంతే.

"బావా, ఈ బొట్టు ఎవలు దీసిండ్రు?"

"నేనే. ఆట ఎక్కుతలేదని తీసిన. గింత దానికి గంత లొల్లా?"

"గింతనా? మా నాయిన నేత మొత్తం పోయింది! ఆయనకు మాట లేదు. ఇగ ఎవలు చెప్తరు? నువ్వు చెప్తవా?"

"పాత డబ్బా, దానంతటదే ఖరాబై ఉంటది. నా మీద పెడ్తానవు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేసిన పనికి సిగ్గు లేదు, పైగా డబ్బాదట తప్పు! తాంబాళం విసిరికొడదామనుకున్నాను. ఇప్పటికీ కొట్టనందుకు బాధే. మల్లవ్వత్త మాత్రం గడప మీద కూలబడి, "అంటే... మీ నాయిన నేత అండ్ల లేదానె?" అని పదే పదే అడిగింది.

మర్నాడు తండ్రికి చెప్పింది. మామ ఎడమచేత్తో మంచంపట్టె మీద దబదబా కొట్టాడు. ఎంత కోపమో! ఆ చప్పుడు మా ఇంట్లోకి వినబడింది. కొట్టీ కొట్టీ ఆయన ఆగాక అనసూర్య అడిగింది. "నాయినా, పావురాల బారు మొదటి వరుస నలుపేనా? అయితే ఒక్కసారి కొట్టు."

పట్టె మీద ఒక్క దెబ్బ పడింది.

అప్పట్నుంచి రోజూ అదే పని. ఆమె రంగు అడగడం, ఆయన కొట్టడం. ఒక వరుసకు పూటంతా పట్టేది. చలికాలంలో మామ పోయాడు. పావురాల బారు సగంలో ఆగిపోయింది. మిగతా ఏ నమూనా రాలేదు.

మళ్ళీ బతుకమ్మ వచ్చింది. ఆ సరికి, వైరస్ తుడిపించిన ఆ కంప్యూటర్లోకి కుర్ర నేతగాళ్ళు తమ నమూనాలు తెచ్చి అనసూర్యతో ఎక్కించుకుంటున్నారు. ఆ సగం పావురాలూ వాటితోనే ఉన్నాయి. వెంకటరాజం మిఠాయి డబ్బాతో దిగాడు. రెండో చేతిలో ఫ్లాపీ!

"ఇది మంచిది మరదలా, కొత్తది" అన్నాడు నవ్వుతూ.

అనసూర్య మొహం ఎర్రబడింది. ఆమె నోరు తెరిచేలోపే మల్లవ్వత్త వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బొట్టులేని నుదురు.

"నువ్వు రా బిడ్డా, కూసో, అన్నం పెడ్త. అది మాత్రం బయట పెట్టు."

"ఏందత్తా, నువ్వు గూడనా? గిది ఎంగిలెట్లైతది?"

"ఎట్లైతదో నాకు తెల్వది. పోయినేడు నువ్వు బొట్టు పీకిననాడు తాళంచెవి ఇచ్చింది నేనే. ఇగ ఇయ్య."

వెంకటరాజం వంగి, ఫ్లాపీని గడప బయట తన చెప్పుల పక్కన పెట్టి లోపలికి వచ్చాడు.