మా ఆడపడుచు పొగ లెక్క

మా ఆడపడుచుతో బజారుకు వెళ్ళడమంత తలనొప్పి మరొకటి లేదు. చొక్కా చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ పత్తి ఏ దేశంలో పండిందో, ఏ దేశంలో బట్టయిందో, ఏ ఓడ ఎక్కి వచ్చిందో మొదలుపెడుతుంది. దారి పొడుగునా కాలిన బొగ్గూ డీజిలూ అన్నీ కూడితే వచ్చే కార్బనంతా చివరికి ఆ చొక్కా తొడుక్కునేవాళ్ళ ఖాతాలోనే పడుతుందట.

"పొగ ఎక్కడో లేస్తే ఆ పాపం నాదెలా అవుతుందే?" అని అడిగితే, "నువ్వు కొంటావనే కదా వదినా, వాళ్ళు పొయ్యి వెలిగించింది" అంటుంది. అలా ఎన్ని చొక్కాలు కొట్లోనే వదిలేసి వచ్చానో నాకే తెలియదు. మమ్మల్ని దూరం నుంచి చూస్తేనే కొట్టువాళ్ళు మొహం తిప్పుకుంటారు.

ఆమె ఉద్యోగమే అది. ఏ వస్తువు వెనక ఎంత పొగ ఉందో లెక్కగట్టే ఆఫీసులో, వేరే ఊళ్ళో పనిచేస్తుంది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మా ఆయనే పెంచాడు. ఆడపిల్లకు అంత చదువెందుకని చుట్టాలు ఎంత పోరినా చెవిన పెట్టలేదు. తను మాత్రం టైల్స్ ఫ్యాక్టరీలో బట్టీ మంట చూసుకుంటూ ఉండిపోయాడు.

ఆ ఫ్యాక్టరీ టైల్స్ దాదాపు అన్నీ ఓడల మీదే పోతాయి. ఈ ఏడాది విదేశంలో కొనేవాళ్ళు ఒక మెలిక పెట్టారు. తెప్పించుకున్న సరుకు తాలూకు పొగను ఇప్పుడు వాళ్ళ ఖాతాలోనే రాస్తున్నారట. అందుకని ఒక్కో టైలు వెనక ఎంత కార్బనుందో బయటివాళ్ళ చేత కొలిపించి చెప్పాలి. వాళ్ళు పెట్టిన హద్దు దాటితే ఆర్డరు రాదు. ఆర్డరు రాకపోతే రెండో బట్టీ మూతపడుతుంది. మా ఆయన పని ఆ రెండో బట్టీలోనే.

కొలవడానికి వాళ్ళ ఆఫీసువాళ్ళు మా ఆడపడుచునే పంపించారు. అన్న అక్కడే పనిచేస్తాడని ముందే చెప్పిందట, అయితే మరీ మంచిది, దారులు తెలిసిన మనిషివి అన్నారట. ఇంటి మనిషే కొలుస్తుంటే ఇక దిగులేమిటని నేను సంబరపడ్డాను. ఆమె బట్టీ బొగ్గు చూసింది, కరెంటు చూసింది, రేవుకు వెళ్ళే లారీల డీజిలు చూసింది. వచ్చిన మొత్తాన్ని టైల్స్ మీద పంచింది. హద్దుకు కాస్త కిందే తేలింది. ఆ రోజు మా ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

మర్నాడు ఊరికి బయలుదేరుతూ వాకిట్లో ముఖం కడుక్కుంటున్నదల్లా కాళ్ళ కిందకు చూసి ఆగిపోయింది.

"ఈ టైల్స్ ఎక్కడివి వదినా?"

"బట్టీవే. పగుళ్ళిచ్చినవీ వంకరపోయినవీ ఓడ ఎక్కవు కదా. కావాల్సినవాళ్ళం తెచ్చుకుంటాం."

తడి ముఖంతోనే వీధిలోకి నడిచింది. మా వీధిలో ఏ ఇంటి మెట్లు చూసినా అవే. కాలువ గట్లూ అవే, కోళ్ళగూళ్ళూ అవే. తిరిగి వచ్చి, తన లెక్క తప్పిందని మా ఇద్దరికీ చెప్పింది.

ఎన్ని టైల్స్ అని తను అడిగితే బట్టీవాళ్ళు బట్టీలోంచి దించినవన్నీ, పగిలినవాటితో సహా చెప్పారు. వాళ్ళకు కూలి వచ్చేది దించినవాటి మీదే, కాబట్టి వాళ్ళ నోట ఎప్పుడూ ఆ లెక్కే వస్తుంది. అందులో మోసమేమీ లేదు. కానీ గేటు దాటి పోయేవి అంతకంటే బాగా తక్కువ. పగిలినవాటికి అయిన పొగ కూడా ఓడెక్కిన వాటి మీదే వెయ్యాలి. అలా వేస్తే హద్దు దాటిపోతుంది.

మా ఆయన వాకిట్లో టైల్స్ వైపు చూశాడు. "అమ్మడూ, వాడుకునేవాళ్ళదే పొగ అంటావు కదా. వీటి మీద నడిచేది మనమే. వీటి పొగ మన వీధి పేరునే రాసెయ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె నవ్వబోయింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మన వాకిలి కోసం ఎవరూ బట్టీ వెలిగించలేదన్నయ్యా. వాళ్ళ ఆర్డరు లేకపోతే ఇవీ ఉండేవి కావు. రెండోసారి అడగకపోవడం నా తప్పే."

"చేసిన తప్పేదో చేశావు, ఇప్పుడు దిద్ది మీ అన్న పొట్ట కొడతావా?" అన్నాను. నిజంగానే ఒళ్ళు మండింది నాకు. ఆమె ఫ్యాక్టరీ యజమానికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, లెక్క దిద్దడానికి లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది.

యజమాని పరుగున వచ్చాడు. లోపలికి రానని గుమ్మం బయటే నిలబడి మా ఆయన్ని పిలిచాడు. చెడ్డవాడు కాదు, ఇన్ని కుటుంబాల తిండి ఆయన నెత్తి మీద ఉంది. "నువ్వు పెంచిన పిల్ల. నువ్వొక్క మాటంటే వింటుంది. ఆ పాత అంకెను అలాగే ఉండనివ్వమను. వాళ్ళెవరైనా ఓడెక్కి వచ్చి మీ వీధి చూస్తారా ఏంటయ్యా?"

మా ఆయన లోపలికి వచ్చాడు. వెనకే నేనూ వెళ్ళాను. అడుగు, ఒక్క మాట అడుగు అని మనసులో దండం పెట్టుకుంటూనే ఉన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. "అన్నయ్యా, నువ్వు అడిగితే దిద్దకుండా వదిలేస్తాను. నీ మాట కాదనడం నాకు చేతకాదు. కాకపోతే ఆ తర్వాత నేను ఏ లెక్క కట్టినా నాకే నమ్మకం ఉండదు."

ఆయన ఆమె కుర్చీ వెనకే ఆగాడు. నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే బతిమాలాను. అబద్ధమెందుకు, బతిమాలాను.

"బస్సుకు ఇంకా టైముంది, కాస్త తిని వెళ్ళు" అని చెప్పి ఆయన బయటికి నడిచాడు.

"అడిగావా?" అన్నాడు యజమాని ఆత్రంగా.

"అడగలేదండి" అన్నాడు మా ఆయన. "అడిగితే ఒప్పుకుంటుంది, అందుకే."