పెన్నకు రాక్షసి బొగ్గు

మధుసూదన్ ఇరవై ఏళ్ళుగా ఇతరుల తప్పులు పట్టి బతుకుతున్న మనిషి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగానికి పెద్ద. ఎవరో కష్టపడి కట్టినదాన్ని పొద్దున్నే తెరవడం, ఎక్కడ నొక్కితే కూలుతుందో కనిపెట్టడం, ఆ లోపానికొక నంబరిచ్చి కట్టినవాడికి మర్యాదగా పంపడం ఆయన వృత్తి. అందులో ఆయనకు మంచి పేరుంది. మిత్రులు మాత్రం లేరు.

అలాంటి మనిషి నలభై ఏడో ఏట ఒక ఆవిరి రైలింజను కొన్నాడు. బొమ్మ అంటే ఆయనకు కోపం వస్తుంది కనుక బొమ్మ అనకూడదు. కోయంబత్తూరులో ఒక పెద్దాయన పదకొండేళ్ళు కూర్చుని చేసిన ఇంజను. మోకాలెత్తు, మూడున్నర అడుగుల పొడవు, నడిచే పట్టాల మధ్య ఎడం జానెడు కంటే తక్కువ. అయినా రాగి బాయిలరు, పొయ్యి, చిమ్నీ, కూత, అన్నీ నిజమైనవే. నిప్పు రాజేసి, నీళ్ళు మరిగించి, వెనక ఒక చిన్న ట్రాలీ తగిలిస్తే మనుషుల్ని లాగుతుంది. లాగుతుందని పెద్దాయన చెప్పాడు. ప్రొద్దుటూరువాడు కావడం చేత మధుసూదన్ దానికి పెన్న అని పేరు పెట్టి, ఇత్తడి రేకు మీద చెక్కించి అతికించాడు. ఏ వేళలో పెట్టాడో గానీ, ఆ ఏటి లాగే ఇదీ ఏడాదిలో ఎక్కువ రోజులు కదలకుండానే ఉండేది.

నివాసం నానక్‌రామ్‌గూడలో, ముప్పై నాలుగు అంతస్తుల మేఘమాలిక హైట్స్‌లో. "అది ఇంట్లోకొస్తే నేను బయటికి పోతా" అని భార్య భార్గవి మొదటి రోజే తేల్చేయడంతో, పెన్న కింద విజిటర్స్ పార్కింగులో వీ-17 అనే గడిలో టార్పాలిన్ కప్పుకుని కాపురముంది. నాలుగు ఆదివారాలు మధుసూదన్ క్లబ్‌హౌస్ నుంచి ట్రాన్స్‌ఫార్మరు దాకా విడి పట్టాలు పరిచి దాన్ని రాజేశాడు. నాలుగుసార్లూ పది బారలు నడిచి ఆగింది. నాలుగోసారి లేచిన నిప్పురవ్వ ఒకటి రెండో అంతస్తులో రసజ్ఞ గారు ఆరేసుకున్న తెల్ల చున్నీని చేరింది. చున్నీ ఫొటో అసోసియేషన్ గ్రూపులోకి చేరింది. విషయం కమిటీకి చేరింది.

కమిటీ సెక్రటరీ యశ్వంత్‌కు ముప్పై ఒక్కేళ్ళు. ఒక యాప్‌కు ప్రొడక్ట్ మేనేజరు. ఎవరినైనా నొప్పి తెలియకుండా కోయగలడు.

"అంకుల్, పర్సనల్‌గా నేను మీకు పెద్ద ఫ్యానండి. కానీ కమ్యూనిటీ సెంటిమెంట్ కూడా చూడాలి కదండీ" అన్నాడు.

అంకుల్ అన్న మాట మధుసూదన్‌కు రవ్వకంటే గట్టిగా తగిలింది.

తీర్మానం నంబర్ తొమ్మిది ఇలా వెలువడింది. వచ్చే ఆదివారం ఉదయం ఏడు నుంచి ఎనిమిది లోపు సదరు ఇంజను క్లబ్‌హౌస్ దగ్గర బయల్దేరి, నడిపేవాడు కాక ముగ్గురు పెద్దలను ట్రాన్స్‌ఫార్మరు దాకా తీసుకెళ్ళి, తిరిగి క్లబ్‌హౌస్‌కు చేర్చవలెను. అనగా పోనురాను నూట ఇరవై మీటర్లు. చేర్చినచో ప్రతి ఆదివారం గంటసేపు అనుమతి, వీ-17 మీద శాశ్వత హక్కు. చేర్చనిచో ఇంజను వారంలోగా పార్కింగును ఖాళీ చేయవలెను.

లోపం ఎక్కడుందో మధుసూదన్‌కు తెలియకపోలేదు. లోపం బొగ్గులో ఉంది. ఇన్నాళ్ళూ ఆయన వాడింది గేటు పక్కన ఇస్త్రీ బండి నడిపే సక్కుబాయి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గు. అది వెంటనే అంటుకుంటుంది, ముచ్చటగా మండుతుంది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎనభై దాకా లేస్తుంది. మనిషి మురిసిపోయి ట్రాలీ ఎక్కి ఆవిరి వదలగానే, ఆ తేలిక బొగ్గంతా చిమ్నీలోంచి రవ్వలై ఎగిరిపోతుంది. పొయ్యిలో మిగిలేది బూడిద, ట్రాలీ మీద మిగిలేది మనిషి. కావలసింది గనిలో తవ్విన బొగ్గు. పది నిమిషాల్లో కొరియా నూడుల్సు గుమ్మంలో పెట్టే ఈ పేటలో దాన్ని తెచ్చే యాప్ లేదు. ఉన్న ఒక్క యాపూ నిమ్మగడ్డి వాసన వేసే కబాబ్ బొగ్గు పంపింది.

చిక్కంతా మాటలో ఉందని మధుసూదన్ నిర్ధారించాడు. ఇస్త్రీ పెట్టెలోదీ బొగ్గే, గనిలోదీ బొగ్గే. అడిగేవాడు తేడా ఎలా చెప్పాలి? చిన్నప్పుడు ప్రొద్దుటూరు బడిలో సాంఘికశాస్త్రం పుస్తకం నేర్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. రాక్షసి బొగ్గు! ఇంత స్పష్టమైన మాట చేతిలో ఉండగా నెల రోజులు వృథా చేశానే అని తనను తాను మందలించుకుని, శుక్రవారం ఆఫీసుకు వెళ్తూ గేటు దగ్గర కారాపాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ మల్లయ్య. స్వస్థలం గోదావరిఖని, ఉండేది బోరబండ. బొగ్గు ఊరివాడు కనుక ఇతనికంటే తగినవాడు లేడు. అవతలి ప్లాటులో కాంక్రీటు మిక్సరు ఘోషిస్తోంది.

"మల్లయ్యా, మీ వైపు నుంచి నాకొకటి తెప్పించాలి. రాక్షసి బొగ్గు."

"ఏంది సార్?"

"రాక్షసి బొగ్గు! రాక్షసి!"

"ఆఁ, సమజైంది. దానికి మా ఊరి దాక ఎందుకు సార్, బోరబండలనే దొర్కుతది. ఎంతది గావాలె?"

బోరబండలోనే! మధుసూదన్‌కు కళ్ళు చెమర్చినంత పనైంది. "ఎంత పెద్దదైనా పర్లేదు. సుత్తితో నేనే పగలగొట్టుకుంటా."

మల్లయ్య అర అడుగు వెనక్కి వేశాడు. "పలగ్గొడతరా?"

"వక్కంత ముక్కలు చేసి మంటలో వేయాలి కదా."

"మంటల ఏస్తరా! గట్ల జెయ్యద్దు సార్. ఇంట్ల ఏమన్న పరేషానా?"

"నెల రోజుల నుంచి అదే పరేషాన్. అది లేనిదే బండి కదలడం లేదు."

"బండికా!" మల్లయ్య ముఖం విచ్చుకుంది. "ముందుగాల జెప్పొద్దా సార్. రేపు దెస్త. ఫికర్ జెయ్యకుండ్రి." ఆ తర్వాత ఎర్రగా ఏదో ఉంటుందన్నాడు గానీ, ఆ వాక్యాన్ని మిక్సరు మింగేసింది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. మధుసూదన్ తృప్తిగా కదిలాడు. ఆయన వృత్తిలో దీన్నే అవసరాలు స్పష్టంగా ఖరారైనట్టు లెక్క వేస్తారు.

శనివారం మధ్యాహ్నం పిలుపొచ్చి కిందికి దిగేసరికి, వీ-17 గడి స్తంభానికి ఒక ముఖం కట్టి ఉంది. నల్లటి ముఖం. గుడ్లురిమిన కళ్ళు, బయటికొచ్చిన కోరలు, జానెడు ఎర్ర నాలుక. కట్టే ఇళ్ళ ముందు దిష్టి తగలకుండా వేలాడదీసేది. కింద మల్లయ్య చేతులు దులుపుకుంటున్నాడు.

"ఏందయ్యా ఇది?" మధుసూదన్ గొంతు ఆ నాలుక కంటే బయటికొచ్చింది.

"రాక్షసి బొమ్మ సార్. మీరే గద జెప్పిండ్రు. బండికి కడదామంటె జాగ లేదు, గందుకే గీ పిల్లర్‌కు కట్టిన. ఇగ ఎవ్వల దిష్టి తగలది."

"బొమ్మ కాదప్పా! బొగ్గు! బొగ్గు! గనిలో తవ్వుతారే, నల్లగా రాయి మాదిరి, అది!"

మల్లయ్య కాసేపు ఆయన వంక జాలిగా చూశాడు. "గదా! బొగ్గు అనొచ్చు గద సార్. నడుమ రాక్షసి ఎందుకొచ్చె?"

"రాక్షసి బొగ్గు అంటే అదే. పుస్తకంలో ఉండాది."

"ఇస్త్రీ పెట్టెల ఏసేది కట్టె బొగ్గు, బాయిలది బొగ్గు. గంతే." బాయి అంటే వాళ్ళ వైపు గని. "మా అయ్య ముప్పై రెండేండ్లు బాయిల దిగిండు. దాంతోనే మమ్ముల సాదిండు. గాయన నోట్లకెల్లి ఒక్కపారి గూడ రాక్షసి అన్న మాట నేను ఇనలే."

లోపం ఎవరిదో తేలిపోయింది. నంబరివ్వడానికి కూడా ఓపిక లేదు. రేపు ఏడింటికి పరీక్ష. దగ్గరున్నది కబాబ్ బొగ్గు, కట్టె బొగ్గు, ఒక రాక్షసి.

"బోరబండల మా ఇంట్ల ఒకటున్నది సార్" అన్నాడు మల్లయ్య తాపీగా. "అయ్య రిటైరైన దినం తెచ్చిన పెళ్ళ. నీళ్ళ డ్రమ్ము మూత ఎగరకుండ బరువు వెట్టినం. నాలుగు కిలోలుంటది. మా రజితను అడగాలె. ఇయ్యనంటది, అయినా అడుగుత."

మల్లయ్య భార్య రజిత ఇచ్చింది. బదులుగా మూత మీదికి మరో బరువు తెచ్చిపెట్టాలన్నది షరతు. కబాబ్ బొగ్గు బస్తా ఆ ఉద్యోగంలో చేరింది.

ఆదివారం ఆరింటికి మల్లయ్య పెళ్ళను గోనెసంచిలో చుట్టి వక్కంత ముక్కలు చేశాడు. మధుసూదన్ తన నలభై ఒక్క అంశాల చెక్‌లిస్టు ప్రింటు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బాయిలరులో నీటిమట్టం చూపే గాజు గొట్టంలో ముప్పాతిక దాకా నీళ్ళు, టిక్కు. కీళ్ళకు నూనె, టిక్కు. గాలి లాగడానికి చిమ్నీ మీద చిన్న కరెంటు ఫ్యాను, టిక్కు. కిరసనాయిలులో నానిన కట్టె బొగ్గు అంటుకుంది. దాని మీద అసలు బొగ్గు పడింది. పొగొచ్చింది. పొగే వస్తోంది. ఆయన పొయ్యి తలుపు తెరిచి చూశాడు. మూశాడు. అరనిమిషానికి మళ్ళీ తెరిచాడు. పుల్లతో కెలికాడు. ముల్లు పది దగ్గర కూర్చుంది.

"ఏం చేస్తాండావు మధూ?" అంది భార్గవి. ముగ్గురు పెద్దల్లో ఒకరుగా ఆమెను బలవంతంగా దింపారు. "అన్నానికి ఇన్నిసార్లు మూత తీస్తే మా అమ్మ గరిటెతో కొట్టేది."

"పరీక్షించకపోతే లోపల ఏమవుతోందో ఎట్ల తెలుస్తాది?"

"జర ఆగుండ్రి సార్" అన్నాడు మల్లయ్య. "బొగ్గు నిదానంగ అంటుకుంటది. మీరు తలుపు దీసినప్పుడల్ల దానికి సలి వెడతున్నది. చేతులు కట్టుకోని కూసోండ్రి."

చేతులు కట్టుకుని కూర్చోవడం చెక్‌లిస్టులో లేదు. మధుసూదన్ ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్నడూ చేయని పని అది. పన్నెండు నిమిషాలు చేశాడు. ముల్లు ఇరవై దాటింది. ఇంజను సొంత ఆవిరితోనే గాలి లాక్కోసాగింది, ఫ్యాను తీసేశాడు. నలభై. అరవై. ఎనభై దగ్గర సేఫ్టీ వాల్వు బుస్సుమంది. కుక్కలు మొరిగాయి. మొదటి మూడు అంతస్తుల బాల్కనీల్లోకి పళ్ళుతోమే బ్రష్షులు వచ్చాయి.

ట్రాలీ మీద మధుసూదన్ వెనక యశ్వంత్, భార్గవి, చున్నీ రసజ్ఞ గారు వరసగా కూర్చున్నారు. ఏడూ నలభై నాలుగుకు ఆవిరి వదిలాడు. ఛఫ్ అంది. ఇంకో ఛఫ్. ఎప్పుడూ ఆగే పది బారలు వచ్చాయి. పది బారలు వెనక్కి పోయాయి.

"అంకుల్, వర్కింగ్!" అని యశ్వంత్ అరిచాడు. రసజ్ఞ గారు వీడియో తీస్తున్నారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మధుసూదన్ కూత వేశాడు. అవసరం లేకపోయినా మళ్ళీ వేశాడు. ట్రాలీని అటువైపు మార్చి తగిలించాక, వెనక్కి బయల్దేరుతూ మూడోసారి వేశాడు. కూతకూ ఆవిరే కావాలి, ఆవిరికి నీళ్ళు కావాలి. పంపు కొట్టి నీళ్ళు ఎక్కించడం చెక్‌లిస్టులో పదిహేడో అంశం, లావు అక్షరాల్లో, తన చేత్తోనే రాసింది.

క్లబ్‌హౌస్ మెట్లు ఎనిమిది మీటర్ల దూరంలో ఉండగా గాజు గొట్టం వంక చూశాడు. నీళ్ళు కనబడలేదు.

బండి నడుస్తూనే ఉంది. ఇంకో అరనిమిషం నడిచేది కూడా. నీళ్ళు లేని రాగి మీద మంట ఆ అరనిమిషంలో ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. వెనక ముగ్గురు మనుషులు, వాళ్ళలో ఒకరు ఆయన పెళ్ళాం. ఎవరూ చూడలేదు, ఎవరికీ తెలియదు. పోనివ్వొచ్చు. కానీ ఆయన ఇరవై ఏళ్ళుగా ఒకే ఒక్క పని చేసిన మనిషి. లోపం కనబడితే ఆపేయడం తప్ప ఆయనకు వేరే విద్య రాదు.

ఆవిరి కట్టేసి, కింద కడ్డీ లాగాడు. పొయ్యి జల్లెడ జారి, మల్లయ్య తండ్రి ఆఖరి రోజు తెచ్చిన బొగ్గు ఎర్రగా పట్టాల మధ్య రాలింది. పెన్న ఆగింది.

"ఏమైందండీ? టైముంది కదా!" యశ్వంత్ గడియారం చూపించాడు. ఏడూ యాభై రెండు.

"నీళ్ళు అయిపోయినాయి. తప్పు నాదే" అన్నాడు మధుసూదన్. ఆ వాక్యం ఆయన నోట భార్గవి వినడం అదే మొదటిసారి. వీడియో తీసి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అంది.

కమిటీ మినిట్సులో ఒకే పంక్తి రాశారు. ఇంజను బయల్దేరినది, చేరలేదు.

పెన్న ఇరవై రెండో అంతస్తులో వాళ్ళ ఇంటికి చేరింది. భార్గవి బయటికి పోలేదు గానీ, దాని మీద తువ్వాళ్ళు ఆరేయడం మొదలుపెట్టింది. కింద వీ-17 ఖాళీ అయింది. ఖాళీగానే ఉండిపోయింది. కృత్రిమ మేధకు పాఠాలు చెప్పే ఇంజనీర్లు, ఉపగ్రహాల లెక్కలు కట్టే ఇంజనీర్లు, విజిటర్ల కోసం చోటు వెతుక్కుంటూ వచ్చి, స్తంభం మీది నాలుక చూసి, కారు మెల్లగా ముందుకు పోనిచ్చేవారు. తెగించి పెట్టిన ఒకాయన టైరులో మేకు దిగింది. గ్రూపులో మేకు ఫొటో, పక్కన ముఖం ఫొటో పడ్డాయి. తీసేద్దామని ముగ్గురు ప్రతిపాదించారు. తీయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

మూడో వారం యశ్వంత్ గేటు దగ్గర మధుసూదన్‌నూ మల్లయ్యనూ పట్టుకున్నాడు. "అంకుల్, ఆ మాస్క్ తీయించేయండి, ప్లీజండి."

"నేను కట్టలేదు."

యశ్వంత్ మల్లయ్య వైపు తిరిగాడు. మల్లయ్య టోపీ సర్దుకున్నాడు. "బండికి కట్టిన సార్. బండి ఉంటె బండిని జూస్కుంటది. బండి లేకుంటె ఎవ్వల జూస్తదో నాకెర్క లేదు."

తీర్మానం నంబర్ పది ఆ సాయంత్రమే వెలువడింది. పార్కింగు సామరస్యం దృష్ట్యా సదరు ఇంజనును వీ-17లో యథాస్థానంలో ఉంచవలెను. దసరా తర్వాతి ఆదివారం మరొక పరీక్ష. ఈసారి నీళ్ళతో.

మర్నాడు పొద్దున మధుసూదన్ గేటు దగ్గర కారాపాడు. మల్లయ్య పండక్కి ఊరెళ్తున్నాడని తెలుసు. మిక్సరు ఆగేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. వెనక నాలుగు కార్లు హారన్లు కొట్టాయి. కొట్టనిచ్చాడు.

"మల్లయ్యా, వస్తూ ఒక బస్తా తేవాలి."

"ఏంది సార్?"

"బొగ్గు."

"ఒట్టి బొగ్గేనా?"

"ఒట్టి బొగ్గే."