కదలని తీగ

2012 ఫిబ్రవరి 9, గురువారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. రాయపూర్‌లో హెలికాప్టర్ దిగింది. స్ట్రెచర్ మీద మా సెక్షన్ స్కౌట్ నంబర్ వన్, సింహాచలం. పక్కన నేను, స్కౌట్ నంబర్ టూ. ఎండ ఇంకా తగ్గలేదు. నా వీపున పిట్టూ సంచి, చేతిలో అతని బూట్లు. రైఫిల్ క్యాంపులోనే అప్పగించి వచ్చాను. నాకిచ్చిన ఆదేశం ఒక్కటే: డ్యూటీకి పనికొస్తాడో లేదో తేల్చే మెడికల్ బోర్డు అయ్యేదాకా పేషెంటుతో ఉండాలి.

నన్నే పంపడానికి కారణం ఉంది. రాయపూర్ నా ఊరు. మా తాత పలాస నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సింహాచలానిది టెక్కలి వైపు పల్లె. అతని హిందీ ఆజ్ఞలు వినడానికి సరిపోయేది, బాధ చెప్పుకోవడానికి చాలేది కాదు.

యూనిఫాం వేసుకోని వారికి స్కౌట్ అంటే ఏమిటో చెప్పాలి. రాయపూర్‌కు దక్షిణాన అడవి రోడ్డు మీద పదిమందిమి వరుసగా, ఎడం పాటిస్తూ నడుస్తాం. అందరికంటే ముందు నంబర్ వన్. కొత్తగా తవ్విన మట్టి, తిరగబడిన రాయి, గడ్డిలో తీగ అతను చూడాలి. అతను చూడనిది వెనకవాళ్ళ కాళ్ళ కిందికి వస్తుంది. రెండేళ్ళు నేను సింహాచలం కళ్ళతో నడిచాను. ఆ ఉదయం కూడా కల్వర్టు దగ్గర అతను చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. తాను వెనక్కి తిరగగానే మందుపాతర పేలింది. దెబ్బ తల వెనుక తగిలింది.

ఆస్పత్రి శంకర్ నగర్ దాటాక ఉండేది. మాకు రెండో అంతస్తులో గది. చెప్పులు వార్డు బయటే విడవాలి. కిటికీ గట్టు ఎంత తుడిచినా, ఉక్కు కర్మాగారాల వైపు నుంచి వచ్చే నల్లటి సన్నని దుమ్ము మళ్ళీ పేరుకునేది. మా అక్క గుఢియారీలో ఉండేది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆమె దగ్గర టిఫిన్ క్యారియర్ తెచ్చేవాణ్ణి.

నాలుగో రోజున సింహాచలం లేచి కూర్చున్నాడు. పళ్ళెం ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు.

"ఇదేటి బావా? తెల్లగుంది. కట్టు కట్టే గాజు గుడ్డా?"

"మా అక్క వింటే ఇంకెప్పుడూ పంపదు. ఇడ్లీరా."

వేలితో తాకాడు. "అదిగో, ఇడ్లీయే. ముందే సెప్పొచ్చు గదా!"

ఇద్దరం నవ్వాం. తర్వాత స్టీలు గ్లాసు పెట్టాను. మెరుస్తోందన్నాడు. ఏమిటో చెప్పలేకపోయాడు. తాగమన్నాను. చెయ్యి తిన్నగా వెళ్ళింది. గ్లాసును తాకకముందే వేళ్ళు దానికి సరిపడా వెడల్పుగా తెరుచుకున్నాయి. నాకు నవ్వు ఆగిపోయింది.

నడివయసు న్యూరాలజిస్టు హిందీలో నెమ్మదిగా వివరించింది. "కళ్ళు బాగానే ఉన్నాయి. గీతలు, రంగులు, వెలుగు లోపలికి పంపుతున్నాయి. ఆ ముక్కలన్నీ కలిపి ఇది గ్లాసు, ఇది ముఖం అని రూపు కట్టే చోటు మెదడులో దెబ్బతింది. చేతిని నడిపించే చూపుది వేరే దారి. అది మిగిలింది. కదలికను పట్టే చోటు కూడా మిగిలింది."

"నయమవుతుందా, మేడమ్?"

"కొంత. ఎంతో నేను చెప్పలేను."

సింహాచలానికి కావలసింది ఒక్కటే. బోర్డు దాటాలి, మళ్ళీ నంబర్ వన్‌గా నడవాలి. "స్టోర్లో కూకుని పప్పు తూయడానికి నాను భర్తీ అవలేదు బావా," అనేవాడు.

శిక్షణలో మాకొక పాఠం ఉండేది. చీజ్ క్యోఁ నజర్ ఆతీ హై, వస్తువు ఎందుకు కనబడుతుంది? ఆకారం, నీడ, మెరుపు, ఆకాశం మీద తెగి కనిపించే అంచు, పైతలం, ఎడం, కదలిక. శత్రువు కంటపడకుండా ఉండడానికి వీటిని దాచుకోవడం మైదానంలో నేర్పారు. ఆ గదిలో నేను పాఠాన్ని తిరగేశాను. దాచమన్న వాటినన్నిటినీ అతనికి చూపించసాగాను. దువ్వెనను ఎండలో పెట్టి నీడ చూపాను. చెంచాను తిప్పి మెరుపు చూపాను. కిటికీ గట్టు మీది దుమ్ములో వేలితో అక్షరం రాశాను. రాసి పూర్తయినదాన్ని అతను చదవలేకపోయాడు. అదే అక్షరం నేను రాస్తూ ఉండగా చదివాడు. "క. నీ రాత కోడి గెలికినట్టుంది బావా." వేలు ఆగగానే అక్షరం అతనికి మళ్ళీ దుమ్ములో కలిసిపోయేది.

అక్కడ అతనికి ఉపాయం దొరికింది. వస్తువు కదలకపోతే తల తానే కొద్దిగా ఊపేవాడు. వెనకనున్న గోడ మీద వస్తువు జరిగినట్లయ్యేది. దానికి రంగునూ మెరుపునూ కలిపి పేరు చెప్పేవాడు. మార్చి మొదటివారానికి పళ్ళెంలో ఏం పెట్టినా పది సెకన్లలో చెప్పగలిగాడు. బోర్డు దాటుతాడని నాకు నమ్మకం కలిగింది. అతను దాటితే అతని వెనుక నడిచేది నేనేనన్న సంగతీ గుర్తుంది. దాన్ని పైకి అనలేదు.

మార్చి 12న, బోర్డుకు ముందురోజు మధ్యాహ్నం, అతని భార్య పార్వతి వచ్చింది. విశాఖ నుంచి వచ్చే బండి ఆలస్యమైంది. నేను కుర్చీలో ఉన్నాను, అతను మంచం మీద. ఆమె చెప్పులు బయట విడిచి, చప్పుడు లేకుండా గుమ్మంలోకి వచ్చింది. గొరిగిన తలను చూసింది. అంతే, అడుగు పడలేదు. పసుపురంగు చీర, ఎడమచేతిలో సంచి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

సింహాచలం అటు తిరిగాడు. తల కొద్దిగా ఊపాడు. మళ్ళీ ఊపాడు.

"బావా, గుమ్మానికి పరదా మార్చినారా? పసుపుది బాగుంది."

ఆమె నావైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. అప్పుడామె ఒక అడుగు వేసింది. చిన్నప్పుడు కాలు విరిగి అతికిందట, నడిస్తే కుడివైపు కాస్త ఒరుగుతుంది. రెండో అడుగుకే అతని ముఖం మారిపోయింది.

"పార్వతీ!"

"పరదానేటి నాను?" అందామె. కోపంగా అనబోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సూడు అన్నయ్యా, ఇంత దూరమొస్తే ఈయన అన్న మాట!"

"నడిసి రావాల గానీ, గుమ్మంలో నిలబడిపోతే ఎలగే?" అన్నాడతను. ఆమె చెయ్యి పట్టుకున్నాడు, చాలాసేపు వదలలేదు.

ఆ రాత్రి ఆమె పడుకున్నాక అతను నన్ను అడిగాడు. "నా యెనకాల ఎవులు నడుస్తారు?"

"నేనే. ఎప్పుడూ నేనేగా."



మార్చి 13, ఉదయం పదకొండు. ముగ్గురు డాక్టర్లు. అటెండెంటుగా నేను తలుపు దగ్గర. పళ్ళెంలో తాళం, పెన్ను, దువ్వెన, చెంచా. సింహాచలం తల ఊపుతూ నాలుగూ సరిగ్గా చెప్పాడు. పెద్ద డాక్టరు సంతోషించి కలం తీశాడు.

"సాబ్, ఏక్ బాత్ హై," అన్నాడు సింహాచలం, ఒక మాట చెప్పాలన్నట్టు.

"బోలో."

అతను లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. తనకొచ్చిన హిందీలోనే చెప్పాడు. "హిల్‌నే సే పహచాన్‌తా హూఁ, సాబ్. రోడ్ పర్ తార్ నహీఁ హిల్తా."

కదిలితేనే పోల్చుకుంటున్నాను. రోడ్డు మీద తీగ కదలదు. ఇంతే అతను చెప్పింది. డాక్టరు కాగితం పక్కకు జరిపి, కొత్తది తీసుకున్నాడు.

మార్చి 16న నేను క్యాంపుకు తిరిగివెళ్ళాను. ఆ రోజు నుంచి నంబర్ వన్ నేనే. తీగ కోసం వెతికేటప్పుడు ముందు ఆగి, తల నిశ్చలంగా పెట్టి చూసేవాణ్ణి. ఆ గుమ్మం గుర్తుకొచ్చేది. ఇప్పుడు పదవీ విరమణ చేసి రాయపూర్‌లోనే ఉంటున్నాను. ఇంట్లో ఎవరైనా గుమ్మంలో కదలకుండా నిలబడితే, లోపలికి రమ్మని కాస్త గట్టిగానే అంటాను. ఎందుకో మావాళ్ళకు తెలియదు.

లెక్క ఇది. పోయినవి: ఒక స్కౌట్. నిలకడగా ఉన్న ప్రతి వస్తువు రూపం. నిద్రపోతున్న భార్య ముఖం. మిగిలినవి: రంగు, కదలిక, చెయ్యి. తర్వాత టెలిఫోన్ డ్యూటీలో పదేళ్ళు పనికివచ్చిన అతని గొంతు. ఆ రోడ్డు మీద అతని వెనుక నడవవలసిన మేము తొమ్మిదిమందిమి.