ఊపిరి జబ్బుకు కాళ్లు ఆగిపోయిన రోజు

మాది గురజాల దగ్గర పల్లె. మా ఆయన ఇరవై ఏళ్లు రాళ్ల క్వారీలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నాడు. పని మానేశాక కూడా, మిరప చేలోకి రమ్మంటే నాలుగడుగులేసి గట్టు మీద కూలబడేవాడు. "జబ్బు ఊపిరికైతే కాళ్లకేం రోగం?" అని కూలోళ్ల ముందే నానా మాటలూ అనేదాన్ని.

పోయినేడు నరసరావుపేటలో డాక్టరమ్మకు చూపించాను. ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెట్టి, వరండాలో ఆరు నిమిషాలు నడవమన్నారు. ఆయన మెల్లగా అడుగులేస్తుంటే నాకు సిగ్గేసింది.

"తొందరగా నడువయ్యా, అందరూ చూస్తన్నారు" అన్నాను.

ఆయన నా వంక ఒకసారి చూసి వేగం పెంచాడు. పది అడుగులకే మోకాళ్లు వంగిపోయి, గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. నర్సు పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టింది.

కాసేపటికి ఆయనకు మాట వచ్చింది. "కాళ్లు చచ్చిపోయినయ్యే" అన్నాడు.

"ఊపిరి లాగే కండలే రక్తాన్నీ ఆక్సిజన్‌నీ ఎక్కువగా వాడేసుకుంటున్నాయమ్మా. నడిచేటప్పుడు కాళ్లకు చాలినంత అందట్లేదు. అది బద్ధకం కాదు" అంది డాక్టరమ్మ.

ఇప్పుడు ఆమె చెప్పినట్టే రోజూ కాసేపు నడుస్తున్నాడు. నేనూ పక్కనే నడుస్తాను, ఆయన ఆగితే ఆగుతాను. చేలో అన్న మాటలు తప్పయినయ్యని మాత్రం ఇంతవరకూ చెప్పలేకపోయాను. ఇది అచ్చయితే ఆయన పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను.