ముత్యం ఇంటికొచ్చిన టాంగా గుర్రం

స్కూటరు కొంటానని పొద్దున ఇంట్లోంచి వెళ్లిన ముత్యం మధ్యాహ్నానికి గుర్రాన్ని పట్టుకుని వచ్చాడు. ఎక్కి రాలేదు, ముందు నడుస్తూ తాడు పట్టుకుని తీసుకొచ్చాడు. అతనికి స్వారీ రాదు మరి.

అది 1987. గోదావరిఖనిలో ఆటోలు పెరిగి, టాంగాలు ఒక్కొక్కటే మూలపడుతున్న కాలం. బస్టాండు దగ్గర టాంగా తోలే మక్సూద్ బండిని విప్పి కట్టెల కింద అమ్మేశాడు. ఇక గుర్రమే మిగిలింది. ముదురు గోధుమరంగు, నుదుట తెల్లచుక్క, ఏడేళ్ల ఆడగుర్రం. పేరు రేష్మా. ముత్యం ఏళ్ల తరబడి ఆ టాంగాలోనే డ్యూటీకి వెళ్లాడు. "రేపు బేరగాళ్లొస్తున్నరన్నా, ఏడికి తీస్కపోతరో ఏమో" అని మక్సూద్ తలదించుకుని చెప్పేసరికి, స్కూటరు దుకాణం ముచ్చటే మరిచిపోయాడు.

కంపెనీ క్వార్టర్ల వరుసంతా బయటికొచ్చి చూసింది. భార్య సమ్మవ్వ గడప మీద నిలబడి గుర్రాన్నీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"ఏందయ్యా గిది?"

"గుర్రం."

"గుర్రమని నాకు ఎర్కలేదా? దీని పెండ ఎవలెత్తాలె?"

"నేనే ఎత్తుత."

ముత్యం బొగ్గుబాయిలో హాలేజీ ఆపరేటరు. ఇనుపతాడుతో బొగ్గు టబ్బులను లోపలి నుంచి పైకి గుంజే ఇంజను నడపడం అతని పని. పద్నాలుగేళ్లుగా కూర్చున్న చోటు నుంచి కదలకుండా బరువులు గుంజిస్తున్న మనిషికి, ఒక్కసారి గాలి మొహానికి కొట్టేలా దౌడు తీయాలని కోరిక. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడ్డాడు.

మొదటి షిఫ్టు దిగి, ఒంటి మీది మసి కడుక్కుని, నేరుగా గోదావరి ఒడ్డుకు పోయి పచ్చగడ్డి కోసుకొచ్చేవాడు. ఉలవలు ఉడకబెట్టడం, మాలీషు చేయడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం, అన్నీ మక్సూద్ తల్లి అమీరున్నీసా నేర్పింది. ఆమెకు అరవై ఏళ్లు దాటాయి. ఆమె తండ్రి ఒకప్పుడు గుర్రాలకు లాడాలు కొట్టేవాడట. ముత్యం ఆమెను బీబమ్మ అని పిలిచేవాడు.

పక్క క్వార్టరు గట్టయ్య ఒకటే పోరు. "పెండ్లి బరాత్‌లకు కిరాయికియ్యి తమ్మీ, ఊకెనే మేపుతవా?"

"బరువు గుంజి గుంజి వచ్చిందన్నా. ఇగ దాంతోని పని చేపియ్య."

స్వారీ మొదలైన రోజే చిక్కు తెలిసింది. రేష్మా బజారులో బాగానే నడిచి, సినిమా హాలు ముందు ఠక్కున ఆగిపోయింది. ముత్యం మడమలతో పొడిచాడు, బతిమాలాడు. కదలదు. తరవాత మార్కెట్టు దగ్గర ఆగింది. బస్టాండు దగ్గరైతే పావుగంట నిలబడింది. ఎవరెవరో నవ్వారు, ఒకాయన వచ్చి "లక్ష్మీనగర్ పోతదా?" అని అడిగాడు. టాంగాకు కట్టినన్నాళ్లూ ఆగిన ప్రతి చోటా అది ఆగుతోంది.

నాలుగో రోజు కొంచెం ధైర్యం వచ్చి వేగం పెంచాడు. రేష్మా చెవులు నిక్కబొడుచుకుని అందుకుంది. గాలి మొహానికి తగులుతోంది, ముత్యం గుండె ఎగిరెగిరి పడుతోంది, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుండగానే దవాఖాన గేటు వచ్చింది. గుర్రం ఆగింది. ముత్యం ఆగలేదు. దాని మెడ మీదుగా వెళ్లి గేటు ముందర పడ్డాడు. లోపలికి మోసుకెళ్లడానికి పది అడుగులు కూడా పట్టలేదు. మడమ దగ్గర ఎముక చిట్లిందని కట్టు కట్టి, నెల రోజులు కాలు కింద పెట్టొద్దన్నారు.

కట్టేసిన గుర్రం మూడో రోజుకే నేలను గిట్టలతో తవ్వడం మొదలుపెట్టింది. తిప్పకపోతే కడుపునొప్పి వస్తుందని బీబమ్మ హెచ్చరించింది. సమ్మవ్వ గొణుక్కుంటూ తాడు విప్పింది. మొదటి రోజు వరుస చివరిదాకా. తరవాత వాగు దాకా. వారం తిరిగేసరికి ఆమె గొంతు వినగానే రేష్మా సకిలించేది, మంచం మీది ముత్యాన్ని అసలు పట్టించుకునేది కాదు.

ఒకనాడు వాకిట్లో జీను బిగిస్తూ బీబమ్మ అంది, "ఎక్కు బేటీ."

"నేనా? చీర మీదనా?"

"నాటేసెటప్పుడు గోసి పెట్టుకోవా? గట్లనే పెట్టుకో."

మంచం మీంచి ముత్యం లేవబోయి, కట్టు గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాడు. సమ్మవ్వ అరుగు మీద కాలుపెట్టి ఎక్కి కూర్చుంది. పెదాలు బిగించుకుంది గాని, కళ్లు మెరుస్తున్నాయి. వరుసలోని ఆడవాళ్లంతా పనులు వదిలేసి వచ్చారు.

రేష్మా ఆగే గుట్టు విప్పింది కూడా ఆమే. సినిమా హాలు ముందు గుర్రం ఆగినప్పుడు సమ్మవ్వ తన్నలేదు, తిట్టలేదు. అలాగే ఆలోచిస్తూ కూర్చుంది. టాంగాలో జనం దిగి, కొత్తవాళ్లు ఎక్కితే బండి వెనక్కి ఒరిగి ముందుకు ఊగుతుంది కదా. జీను మీదే ఒకసారి వెనక్కి బరువేసి, ముందుకు ఊగి, "ఎక్కిన్రు, చలో బేటీ" అంది. రేష్మా చక్కగా నడిచింది.

ఆ సంగతి చెప్పడానికి ఇంటికి వచ్చినప్పుడు సమ్మవ్వకు మాట తడబడింది. "పోయిందయ్యా, నేను ఊగంగనే పోయింది." ముత్యం ఆమె చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆ నెలలో ఇద్దరూ అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదలు.

కట్టు విప్పిన ఆదివారం పొద్దున ముగ్గురూ గోదావరికి వెళ్లారు. సమ్మవ్వ గుర్రం మీద, ముత్యం కర్ర పట్టుకుని పక్కన. ఎండాకాలం కాబట్టి నది ఒక సన్నపాయగా అవతలి ఒడ్డుకు ఒదిగి ఉంది. ఇవతలంతా తడి ఇసుక, ఎక్కడా ఒక ఇల్లు లేదు, దుకాణం లేదు, ఆగాల్సిన చోటే లేదు. రేష్మా ఇసుకలోకి దిగి ముక్కుపుటాలు ఎగరేసింది.

"ముందు నువ్వెక్కుతవా?" అంది సమ్మవ్వ.

ముత్యం గుర్రాన్ని చూశాడు, ఆమె గుప్పిట్లో బిగిసిన పగ్గాలను చూశాడు. "నువ్వే పో. నేను చూస్త."

ఆమె ముందుకు వంగింది. రేష్మా మొదట నడిచింది, తరవాత ఉరికింది, తరవాత నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నాయో లేవో తెలియలేదు. ఇసుక ముద్దలు ముద్దలుగా వెనక్కి ఎగిరింది. సమ్మవ్వ కొంగు ఊడి జెండాలా లేచింది. పుచ్చతోటలో కాయలు కోస్తున్న వాళ్లు నడుములెత్తి నిలబడ్డారు. ముత్యం కర్ర పారేసి, కుంటుకుంటూ వాళ్ల వెనకే నాలుగడుగులు పరుగెత్తాడు. తను ఎక్కినట్టే ఉంది అతనికి. ఊపిరి అందడం లేదు.

ఆమె దూరంగా చిన్న చుక్కయి, తిరిగి పెద్దదవుతూ వచ్చి అతని ముందు ఆగింది. జుట్టంతా విడిపోయింది. గుర్రం, మనిషి ఇద్దరూ రొప్పుతున్నారు.

"భయం కాలేదా?"

"అయ్యింది," అంది సమ్మవ్వ, దిగకుండానే పగ్గాలు తిప్పుతూ. "జర పక్కకు జరుగు. ఇంకోపారి పోయొస్త."